లెక్కలు పది నిమిషాల్లో ముగించేసే ఆరో తరగతి పిల్లకి ఏం ఇవ్వాలి?

గుంటూరు_లెక్కల_టీచర్
జడ్పీ హైస్కూలు, 6వ తరగతి, సెక్షన్‌లో 42 మంది. ఒకమ్మాయి భిన్నాల అధ్యాయం మొదలుపెట్టకముందే చివరి అభ్యాసం దాకా నోటితో చెప్పేస్తోంది. సగం మందికి హారాలు సమానం చేయడమే ఇంకా పట్టుబడలేదు. ఎక్కువ లెక్కలిచ్చి చూశాను, వెనకబడినవాళ్లకి నేర్పమని కూర్చోబెట్టాను. ఇప్పుడు కావాలనే నెమ్మదిగా చేస్తోంది. హెచ్‌ఎం గారు డబుల్ ప్రమోషన్ అంటున్నారు. ఇంట్లోవాళ్లు వచ్చే ఏడాది ఐఐటీ ఫౌండేషన్ ఉన్న ప్రైవేటు బడిలో వేస్తామంటున్నారు. రేపటి పీరియడ్‌లోనే ఏం మార్చొచ్చో చెప్పండి. "తెలివైన పిల్ల, తనే పైకొస్తుంది" అన్న మాట మాత్రం వద్దు, అది స్టాఫ్ రూమ్‌లో రోజూ వింటున్నాను.

ఓరుగల్లు_గణితం
కావాలని నెమ్మదిగా చేస్తుందంటే లెక్క సరిగ్గానే వేసుకుంది. తొందరగా ముగిస్తే ఇంకో ఇరవై లెక్కలు మీద పడతాయని ఆ పిల్లకి అర్థమైంది. కాబట్టి ముందు చేయాల్సింది తీసెయ్యడం. వచ్చినదాన్ని మళ్లీ చేయించకూడదు. ఆ మిగిలిన టైములో ఏం పెట్టాలన్నది తర్వాతి మాట.

రేపటికి పనికొచ్చేది ఒకటి చెప్తా. అభ్యాసంలో అన్నిటికన్నా కష్టమైన 5 లెక్కలకి చుక్క పెట్టండి. "ఎవరైనా సరే, ముందు ఈ అయిదు చేయొచ్చు. నాలుగు సరిగ్గా, దశలతో సహా వస్తే మిగతావి అక్కర్లేదు" అని క్లాసు మొత్తానికి చెప్పండి. ఆ పిల్లకొక్కదానికే చెప్తే మిగతావాళ్లు దూరం పెడతారు. రెండు తప్పిన వెంటనే ఆపేసి మామూలు వరసలోకి రావాలి, అది నామోషీ కాదని కూడా ముందే చెప్పాలి. మొదటి వారం పదిహేను మంది ఎగబడతారు, తర్వాత నలుగురైదుగురు మిగులుతారు. ఆ నలుగురిలో మీరు అస్సలు అనుకోని పేరొకటి ఉంటుంది, చూడండి.

కొత్త అధ్యాయానికైతే ముందు రోజు 10 ప్రశ్నల చిన్న పేపరు. 2 కింది తరగతివి, 5 ఈ అధ్యాయంలో ముఖ్యమైనవి, 3 అధ్యాయం చివరివి. 20 నిమిషాలు. 9 వస్తే అధ్యాయం మొత్తం మినహాయింపు, యూనిట్ టెస్టు మాత్రం అందరితో రాయాలి. 7 లేదా 8 వస్తే తప్పిన అంశం చెప్పే రోజు బోర్డు వైపు తిరగాలి, మిగతా రోజులు తన పని.

సీమ_బడి
పది ప్రశ్నలు × 42 పేపర్లు ఎవరు దిద్దాలన్నా? ఎఫ్‌ఏలు (బడిలో మధ్య మధ్య పెట్టే చిన్న పరీక్షలు), యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, అన్నీ మాకే కదా.

ఓరుగల్లు_గణితం
సీమ_బడి, 42 దిద్దొద్దు. పేపర్లు పక్కవాళ్లతో మార్పించి, జవాబులు బోర్డు మీద రాస్తే 5 నిమిషాల పని. 8 దాటినవి మాత్రమే మీరు తీసుకుని దశలు చూడండి. నాలుగైదు కన్నా ఎక్కువ రావు. దశలు చూడటం మాత్రం మానొద్దు. జవాబు సరిగ్గా ఉండి పద్ధతి లేకపోతే రెండు కారణాలుంటాయి: పక్కన చూసి రాయడం, లేదా మనసులోనే చేసేయడం. పిలిచి ఒక్క ప్రశ్న నోటితో అడిగితే తేలిపోతుంది.

కాకినాడ_అమ్మ
వెనకబడినవాళ్లకి చెప్పించడంలో తప్పేముంది? చెప్తే బాగా గుర్తుంటుంది అంటారుగా.

బడిబాట_విశాఖ
వారానికొక పీరియడ్, అదీ ఆ పిల్లకి ఇష్టమైతే మంచిదే. రోజూ అదే పనైతే ఆ పిల్ల జీతం లేని టీచరు అయిపోతుంది. తను కొత్తగా నేర్చుకునేది సున్నా. ఇంకోటి, భిన్నాలు తట్టుకోలేని పిల్లకి మెరుపులా చేసేవాళ్లు నేర్పలేరు. మధ్యలో నాలుగు మెట్లు దూకేసి "ఇంతే కదా" అంటారు. నేర్చుకునేవాళ్లు ఇంకా కుంగిపోతారు. ఈమధ్యే నేర్చుకున్న మధ్యస్థం పిల్లలు మంచి జోడీ. ఎక్కడ తడబడ్డారో వాళ్లకి ఇంకా గుర్తుంటుంది.

నిజామాబాద్_నాన్న
ఐఐటీ ఫౌండేషన్ మీద ఎవరూ మాట్లాడరేంది? సర్కారు బళ్లో ఇవన్నీ ఎవరు చేస్తరు? అక్కడ కనీసం కష్టమైన లెక్కలన్నా ఉంటయి కద.

ఓరుగల్లు_గణితం
నిజామాబాద్_నాన్న, ఫౌండేషన్ పుస్తకం తెరిచి ఒక్క అధ్యాయం చూడండి. 6వ తరగతికి 8, 9 తరగతుల సూత్రాలు, ఒక్కో సూత్రం కింద 60 నుంచి 100 బిట్లు. వేగం పెరుగుతుంది, లోతు పెరగదు. ఒక లెక్క మీద మూడు రోజులు కూర్చోవడం, దారి దొరక్క వెనక్కి రావడం, నిరూపించడం అక్కడ అలవాటు కావు. వాటికే ఈ పిల్లలు ఆకలిగా ఉంటారు.

విజయవాడ_స్కూల్_కౌన్సెలర్
పూర్తిగా ఒప్పుకోను. ఆ బళ్లలో ఈ పిల్లలకి ఒక నిజమైన లాభం ఉంది: తనలాంటి ఇంకో నలుగురు దొరకడం. క్లాసులో తన ప్రశ్న అర్థమయ్యే ఒక్కరు లేకపోతే పదేళ్ల పిల్లకి చాలా ఒంటరిగా ఉంటుంది. నష్టం వేరేచోట ఉంది. వారం వారం ర్యాంకు, ర్యాంకును బట్టి సెక్షన్ మార్చడం. ఎప్పుడూ ఫస్టు వచ్చిన పిల్ల 14వ ర్యాంకు చూసి "నాకేం రాదు" అనుకుంటుంది. మార్చాలనుకుంటే మూడు అడగండి. సెక్షన్ ర్యాంకుతో మారుతుందా? ఆటల పీరియడ్ ఉందా? తప్పు జవాబు మీద టీచరు ఎంతసేపు మాట్లాడతారు? మూడోది ఒక పీరియడ్ బయట నిలబడి వింటేనే తెలుస్తుంది.

డల్లాస్_తెలుగు
ఇక్కడ టెక్సాస్‌లో ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ ఇలాంటి పిల్లల్ని గుర్తించి వేరుగా చదువు చెప్పాలని చట్టమే ఉంది. కాగ్యాట్ అనే పరీక్ష ఎక్కువ చోట్ల పెడతారు: పదాలు, సంఖ్యలు, బొమ్మలు అని మూడు భాగాలు. మన తెలుగువాళ్లు దీనికీ కోచింగ్ పెట్టేశారు. ఐదేళ్ల పిల్లలకి బొమ్మల వరసలు బట్టీ పట్టిస్తున్నారు. దానివల్ల పరీక్ష కొలవాల్సింది కొలవదు. లోపలికి వెళ్లాక పని అందుకోలేక ఏడ్చేది పిల్లలే. అక్కడ ఐక్యూ పరీక్షలు నమ్మొచ్చా?

విజయవాడ_స్కూల్_కౌన్సెలర్
మన దగ్గర ఎక్కువగా మాలిన్ స్కేలు, బినే-కామత్ అనే ఐక్యూ పరీక్షలు వాడతారు. రెండిటి ప్రమాణాలూ దశాబ్దాల కిందటివి, అందుకని మొత్తం అంకె ఎక్కువ చూపించే అవకాశం ఉంది. సగటు 100, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత పరుచుకున్నాయో చెప్పే కొలత) 15 ఉన్న స్కేలు మీద 130 అంటే పైనున్న సుమారు 2 శాతం. ఆ అంకె కన్నా ఉపభాగాల మధ్య తేడా పనికొస్తుంది. మాటల తర్కంలో చాలా ఎక్కువ, రాత వేగంలో చాలా తక్కువ వస్తే ఆ పిల్లవాడు క్లాసులో ఎందుకు నోటు రాయడో తెలిసిపోతుంది. ఆరేడేళ్లలోపు వచ్చిన అంకెని పట్టుకుని ఊరేగొద్దు, మారుతుంది. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరే చేయించండి. ఫోన్‌లో 20 ప్రశ్నలకి 145 ఇచ్చేవాటిని పట్టించుకోవద్దు.

అయినా లెక్కల పీరియడ్ మార్చడానికి ఐక్యూ అక్కర్లేదు. దేంట్లో ముందుందో దాంట్లో పరీక్షించడమే సరిపోతుంది.

కరీంనగర్_సైన్స్
ఐక్యూ ఒక్కటే పట్టుకుంటే ఏమైతదో అమెరికాల 1921లోనే చూసిన్రు. టెర్మన్ అనే మనస్తత్వవేత్త కాలిఫోర్నియాల పిల్లల్ని ఐక్యూతో ఏరి ఏండ్ల తరబడి గమనించిండు. ఆ పరీక్షల నిలవని పిల్లల్లో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నరు. ఇద్దరికీ తర్వాత భౌతికశాస్త్రంల నోబెల్ వచ్చింది, ఒకరికి 1956ల, ఇంకొకరికి 1968ల. ఏరినవాళ్లల్లో మాత్రం ఒక్కరికి రాలే.

మార్కులతోని ఏరినా అంతే. భీమవరంల పుట్టి గొప్ప వైద్య శాస్త్రవేత్త అయిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడోసారి గట్టెక్కిండు. ఆయన అప్పుడు మన బళ్లో ఉంటే ఏ సెక్షన్ల వేస్తుంటిమో అనుకోండ్రి.

సీమ_బడి
అయితే ఎట్లా గుర్తించేది? ఫస్టు వచ్చినవాళ్లని కాదంటారు, ఐక్యూ వద్దంటారు.

బడిబాట_విశాఖ
సీమ_బడి, సొంత తరగతి పేపరులో 50కి 49, 48 వచ్చిన ఇద్దరి మధ్య ఆ పేపరు ఏమీ చెప్పలేదు. పైకప్పు తగిలి ఇద్దరూ ఆగిపోయారు. అదే ఇద్దరికీ పైతరగతి పేపరు ఇస్తే ఒకరికి 11, ఒకరికి 34 రావొచ్చు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ అనే మనస్తత్వవేత్త 1970ల మొదట్లో మొదలుపెట్టిన పద్ధతి ఇదే. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకి కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పెట్టాడు.

మన బడిలో ఇలా. 7వ తరగతి నిరుటి ఎస్‌ఏ (బడిలో పెట్టే పెద్ద పరీక్ష) పేపరు 6వ తరగతిలో ఆసక్తి ఉన్నవాళ్లందరికీ. 60 శాతం దాటితే 8వ తరగతి పేపరు. దాంట్లో సగం దాటితే ఆ సబ్జెక్టులో పైతరగతిలో కూర్చోబెట్టే మాట ఆలోచించొచ్చు. సిలబస్‌లో లేని గుర్తులు, పదాలు (ఘాతాంకాలు లాంటివి) ఉంటే ఒక పేజీ వివరణ ముందు ఇచ్చి పెట్టాలి. లేకపోతే మీరు కొలిచేది ట్యూషన్‌ని.

ఎవరు తప్పిపోతారో కూడా చూసుకోవాలి. టీచర్లని పేర్లు రాయమంటే చక్కటి చేతిరాత, చెప్పిన మాట వినేవాళ్ల పేర్లే వస్తాయి. మాట్లాడని ఆడపిల్లలు, ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడేవాళ్లు, తెలుగు మీడియం నుంచి ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడ్డవాళ్లు ఆ చీటీలో ఉండరు. వాళ్లకి ప్రశ్న తెలుగులో చదివి వినిపించి మళ్లీ చూడండి.

తెనాలి_పాఠకుడు
మావాడు అన్నిటికీ ఎదురు ప్రశ్నలు వేస్తాడు, పాఠం నోటు రాయడు, హోంవర్కు చేయడు. లెక్కలు మాత్రం నోటితో చెప్తాడు. టీచర్లు పొగరు అంటున్నారు.

విజయవాడ_స్కూల్_కౌన్సెలర్
తెనాలి_పాఠకుడు, రాత సమస్య ఉందేమో ముందు చూడండి. ఒకే పాఠం మీద 5 ప్రశ్నలు నోటితో, 5 రాతతో అడిగించండి. నోటిలో 5 వచ్చి రాతలో 1 వస్తే అది పొగరు కాదు. అక్షరాల సైజు మారిపోవడం, పది నిమిషాలకే చెయ్యి నొప్పి, బోర్డు మీది లైన్ చూసి రాసుకోవడంలో మాటలు ఎగిరిపోవడం గమనించండి. తెలివి, నేర్చుకోవడంలో ఇబ్బంది రెండూ ఒకే పిల్లలో ఉంటే ఒకటి ఇంకోదాన్ని కప్పేస్తుంది. చూసేవాళ్లకి రెండూ కనపడక "మామూలు పిల్లాడు, బద్ధకం" అనిపిస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం కూడా ఉంది, సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో సడలింపులు అడగొచ్చు. రాత కోసం కష్టమైన పని ఆపకూడదు. రెండూ పక్కపక్కనే నడవాలి.

గుంటూరు_లెక్కల_టీచర్
మినహాయింపు ఇచ్చిన టైములో ఏం పెట్టాలి? లైబ్రరీలో కూర్చోబెడితే హెచ్‌ఎం గారు ఒప్పుకోరు. నేను క్లాసు వదిలి తన దగ్గర ఉండలేను.

ఓరుగల్లు_గణితం
క్లాసులోనే, వెనక బల్ల మీద, మాట్లాడకుండా జరిగేది కావాలి. చుక్కల కాగితం సరిపోతుంది. ముగ్గు వేసే చుక్కల్లాగా 10×10, సెంటీమీటరు దూరంలో.

మొదటి వారం: చుక్కలని కలుపుతూ బహుభుజులు గీయాలి, మూలలన్నీ చుక్కల మీదే పడాలి. ఒక్కోదానికి మూడు రాయాలి: అంచు మీది చుక్కలు, లోపలి చుక్కలు, వైశాల్యం. 3×3 చదరానికి అంచు 12, లోపల 4, వైశాల్యం 9. భుజాలు 4, 3 ఉన్న లంబకోణ త్రిభుజానికి అంచు 8, లోపల 3, వైశాల్యం 6. కనీసం 15 బొమ్మలు పట్టికలో.

రెండో వారం: లోపల చుక్కలే లేని బొమ్మలు మాత్రమే తీసుకుని అంచుకీ వైశాల్యానికీ సంబంధం వెతకాలి. తర్వాత లోపల 1, తర్వాత 2. ఇలా ఒకటి కదపకుండా ఇంకోటి మార్చడం నేర్పకపోతే పిల్లలు గాలిలో ఊహిస్తారు. లోపలి చుక్కలు + అంచు చుక్కల్లో సగం − 1 అని తనే చేరుతుంది. ముందు చెప్పొద్దు. ఇది పిక్ సూత్రం.

మూడో వారం అసలు పని. మధ్యలో రంధ్రం ఉంటే? 3×3 చదరం మధ్యలోంచి 1×1 కోసేస్తే వైశాల్యం 8. కొత్త అంచు 12+4=16, లోపల ఒక్క చుక్కా మిగలదు, సూత్రం 7 అంటుంది. ఎందుకు 1 తేడా వచ్చింది? రెండు రంధ్రాలుంటే? ఇక్కడ పదో తరగతి పిల్లలు కూడా ఆగుతారు.

నోటులో "గమనించాను / అనుకుంటున్నాను / సరిచూశాను / ఎందుకంటే" అని నాలుగు శీర్షికలు. శుక్రవారం పీరియడ్ చివర 5 నిమిషాలు మీరు నోటు చూసి ఒకే ఒక ప్రశ్న రాయండి. ఈ 5 నిమిషాలు తప్పితే మొత్తం కూలిపోతుంది. పట్టించుకునేవాళ్లు లేని పని అని వారంలోనే పిల్లకి తెలిసిపోతుంది. ఎఫ్‌ఏలో ప్రాజెక్టు మార్కులు దీనికే వేయండి, లేకపోతే మళ్లీ చార్టు మీద రంగులు వేయాల్సి వస్తుంది.

కరీంనగర్_సైన్స్
ఇంకోటి కలుపుకోండ్రి. ఏ సంఖ్యలని వరస సంఖ్యల మొత్తంగ రాయొచ్చు? 15 = 7+8 = 4+5+6 = 1+2+3+4+5, మూడు తీర్లు. 16కి ఒక్కటి లేదు. 50 దాకా చేస్తే 1, 2, 4, 8, 16, 32 మిగుల్తయి. ఎన్ని తీర్లన్నది ఆ సంఖ్యకున్న బేసి కారణాంకాలతోని (1 వదిలి) తేల్తది. కారణాంకాల అధ్యాయం వచ్చినోళ్లకి సరిగ్గ సరిపోతది.

బొబ్బిలి_తెలుగు_పండితుడు
అందరూ లెక్కలేనా? మా సబ్జెక్టులో ఇలాంటి పిల్లలకి "ఇంకో పద్యం కంఠస్థం చెయ్యి" అంటారు, అదీ ఎక్కువ లెక్కల లాంటి శిక్షే. ఇది ఇచ్చి చూడండి. లఘువుకి (పొట్టిగా పలికే అక్షరం) ఒక మాత్ర, గురువుకి (సాగదీసి పలికేది) రెండు. 3 మాత్రలు ఎన్ని విధాలుగా వస్తాయి? మూడు లఘువులు, లఘువు-గురువు, గురువు-లఘువు: మూడు. 4 మాత్రలకి 5, 5 మాత్రలకి 8. ఈ 1, 2, 3, 5, 8 వరసని పన్నెండో శతాబ్దంలో జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు లెక్కల్లోనే చెప్పాడు.

ఆ తర్వాత ప్రశ్న: గణం అంటే లఘు గురువుల గుంపు. ఆటవెలది, తేటగీతి పద్యాల్లో వాడే సూర్యగణాలు రెండే, నగణం (మూడు లఘువులు), హగణం (గురువు-లఘువు). మూడోదైన లఘువు-గురువు ఎందుకు లేదు? ఇంద్రగణాలు ఆరు: నగ, సల, నల, భ, ర, త. 4, 5 మాత్రల 13 విధాల్లో ఈ ఆరింటినే ఉంచారు. వదిలేసినవన్నీ రాసి చూస్తే లఘువు తర్వాత గురువుతో మొదలయ్యే గణం ఒక్కటీ ఉంచలేదని కనిపెడతారు. అప్పుడు అలా మొదలయ్యే గణాలతో ఒక పాదం కట్టి గట్టిగా చదివి చూడమనండి, నడక ఎక్కడ కుంటుతుందో చెవికే తెలుస్తుంది. వేమన పద్యాలు ఇంట్లో అందరికీ వచ్చు కాబట్టి పరిశీలనకి సరుకు సిద్ధం.

ఓరుగల్లు_గణితం
పండితుడు గారూ, ఇది రేపు మా 9వ తరగతిలో పెడుతున్నా.

కాకినాడ_అమ్మ
డబుల్ ప్రమోషన్ గురించి ఎవరైనా తేల్చి చెప్పండి. పెద్ద పిల్లల మధ్య ఇమడలేరు అంటారు.

బడిబాట_విశాఖ
ఇమడలేరన్న భయం జాగ్రత్తగా ఎంచిన పిల్లల విషయంలో చాలావరకు నిలబడదు, పరిశోధనలు ఎక్కువగా ఆ మాటే చెప్తున్నాయి. జాగ్రత్తగా ఎంచకపోతే మాత్రం నిజమవుతుంది. చూడాల్సినవి: ఒక్క సబ్జెక్టులోనేనా, అన్నిట్లోనా? ఒక్కదాంట్లో అయితే తరగతి మొత్తం దాటించొద్దు, ఆ పీరియడ్‌కి పైతరగతికి పంపండి. పిల్లకి ఇష్టమేనా? లేదంటే అక్కడితో ఆపండి. దాటి వెళ్లే తరగతిలో అక్కో అన్నో ఉన్నారా? ఉంటే వద్దు, ఇంట్లో ఇద్దరికీ నరకం. దాటించాక ఆరు వారాలు ప్రయత్నంగా పెట్టి, వెనక్కి రావడం ఓటమి కాదని మొదటిరోజే చెప్పాలి. దాటేసిన తరగతిలో ఖాళీలు వెతికి పూడ్చాలి. 7వ తరగతి వదిలేస్తే పూర్ణసంఖ్యల గుణకారం, హిందీ, రెండూ ఎగిరిపోతాయి.

మన దగ్గర ఇంకో గోడ ఉంది, వయసు. స్టేట్ బోర్డు పదో తరగతికి కనీస వయసు నిబంధన గురించి డీఈఓ ఆఫీసులో ముందే రాతపూర్వకంగా అడగండి. ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు) సెకండరీకి 14 నిండాలి. నీట్‌కి ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండాలి. మెడిసిన్ అనుకునే పిల్లని రెండుసార్లు దాటిస్తే ఇంటర్ అయ్యాక ఖాళీగా కూర్చోవాలి.

నిజామాబాద్_నాన్న
డబ్బుల్లేనోళ్లకి దారేంది?

కరీంనగర్_సైన్స్
నవోదయ 6వ తరగతి పరీక్ష: 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు, అందుల సగం మెంటల్ ఎబిలిటీనే. 5వ తరగతిల ఉన్నప్పుడే రాయాలె, గ్రామీణ పిల్లలకి కనీసం 75 శాతం సీట్లు. ఈ అమ్మాయికి ఆ దారి దాటిపోయింది గని 9వ తరగతి ప్రవేశం ఉంటది. 8వ తరగతిల ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్పు పరీక్ష: మ్యాట్ (మెంటల్ ఎబిలిటీ) 90, శాట్ (బడి పాఠాల మీద, పైన చెప్పిన కాలేజీ శాట్ కాదు) 90 ప్రశ్నలు, ఏడాదికి 12,000 చొప్పున ఇంటర్ దాకా. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటొద్దు. ఇన్‌స్పైర్ మానక్ అనే సైన్స్ ఆలోచనల పోటీకి ఆలోచన 6వ తరగతి నుంచే పంపొచ్చు, ఎంపికైతే 10,000. 8 నుంచి గణిత ఒలింపియాడ్ మొదటి మెట్టు ఐఓక్యూఎం ఉంది: 30 ప్రశ్నలు, 3 గంటలు, ఆప్షన్లేం ఉండయి, జవాబు సంఖ్య రాయాలె. ఫౌండేషన్ బిట్లకి అలవాటైనోళ్లు ఇక్కడనే ఆగుతరు.

తెనాలి_పాఠకుడు
జాతీయ విద్యా విధానంలో వీళ్ల గురించి ఏమైనా ఉందా? హెచ్‌ఎం ముందు పెట్టడానికి.

బడిబాట_విశాఖ
2020 విధానం నాలుగో అధ్యాయం చివర ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల మీద విడిగా ఉంది. మామూలు సిలబస్‌కి మించి ప్రోత్సహించాలని, బడి, స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరి బడుల సముదాయం), జిల్లా స్థాయిల్లో అంశాల వారీ క్లబ్బులని ప్రోత్సహించాలని, బీఈడీలో ఈ పిల్లల విద్య మీద స్పెషలైజేషన్ ఉండొచ్చని. ఆ పేజీ ప్రింటు తీసి ఇవ్వండి. డబుల్ ప్రమోషన్ కన్నా గణిత క్లబ్బుకి హెచ్‌ఎం తొందరగా సంతకం పెడతారు.

విజయవాడ_స్కూల్_కౌన్సెలర్
గుంటూరు టీచర్ గారూ, ఒక హెచ్చరిక. చుక్కల పని ఇచ్చిన మొదటి వారం ఆ పిల్ల ఏడవొచ్చు, కాగితం చింపొచ్చు, "మళ్లీ మామూలు లెక్కలే ఇవ్వండి" అనొచ్చు. ఆరో తరగతి దాకా ఒక్కసారీ ఆగని పిల్లకి ఆగడం అంటే ఏమిటో తెలియదు, తనకి తెలివి అయిపోయిందనుకుంటుంది. పని వెనక్కి తీసుకోవద్దు, చిన్నది చేయండి. పదిట్లో ఆరేడు తనంతట తనే చేయగలిగేలా. "నువ్వు చాలా తెలివైనదానివి" అనడం ఆపి, "ఈ రెండో పట్టికలో అంచు మార్చకుండా ఉంచావే, అది పనికొచ్చింది" అనండి. లెక్కల్లో పద్నాలుగేళ్ల బుర్ర అయినా అలిగేది పదకొండేళ్ల పిల్లే, దాన్ని వయసుకి తగ్గట్టే ఊరడించాలి.

గుంటూరు_లెక్కల_టీచర్
కష్టమైన అయిదు రేపే మొదలుపెడతాను, చుక్కల కాగితం సోమవారం. 7వ తరగతి పేపరు ఈ వారం పెట్టి చూస్తాను. నిలబడితే 8వ తరగతి లెక్కలకి పంపాలంటే టైంటేబుల్ కలవట్లేదు. వాళ్లకి లెక్కలు రెండో పీరియడ్, మాకు మొదటిది. రెండో పీరియడ్ మాకు తెలుగు.

బొబ్బిలి_తెలుగు_పండితుడు
తెలుగు పీరియడ్ తీసెయ్యకండమ్మా.

బడిబాట_విశాఖ
తీయక్కర్లేదు. మీ లెక్కలు రెండో పీరియడ్‌కి, తెలుగు మొదటిదానికి మార్చమని హెచ్‌ఎంని అడగండి. తెలుగు టీచరుకి ఆ రెండు పీరియడ్లూ వేరే క్లాసు లేకపోతే ఒక్క గీతతో అయిపోతుంది. మీకే 8వ తరగతి లెక్కలు ఉంటే మాత్రం ఇది కుదరదు, అప్పుడు వారానికి రెండు రోజులు మాత్రమే పంపి, మిగతా రోజులు 8వ తరగతి పుస్తకం వెనక బల్ల మీద. హాజరు 6వ తరగతిలోనే, పరీక్ష కూడా 6వ తరగతిదే. 8వ తరగతి టీచరుతో ముందే మాట్లాడండి: పెద్దవాళ్ల ముందు లేపి జవాబు చెప్పించి "చూడండ్రా, ఆరో తరగతి పిల్ల" అనకూడదు. అలా ఒక్కసారి అన్నా మర్నాటి నుంచి ఆ పిల్ల వెళ్లనంటుంది.